ఇన్‌హేలర్ గురించి రాయబోతున్న నీకు

అమ్మాయీ,

ఉబ్బసం ఆయాసానికి ఇన్‌హేలర్‌తో పీల్చే మందు సాల్బుటమాల్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఊపిరిగొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరం వదులవుతుంది, అయిదు నిమిషాల్లో ఆయాసం తగ్గుతుంది, ఆ మేలు నాలుగైదు గంటలు ఉంటుంది అన్నావు. నిజమే. కానీ ఉబ్బసానికి మూలం గొట్టాల లోపలి వాపు. ఈ మందు దాని జోలికి పోదు. ఊపిరి ఆడుతోంది కదా అని మనిషి నిశ్చింతగా ఉంటాడు, వాపు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే పెద్దలు, కౌమారులు ఒక్క సాల్బుటమాల్‌తోనే నెట్టుకురావద్దని, వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తోడుండాలని 2019లో ఉబ్బసంపై అంతర్జాతీయ సంస్థ జీనా మార్గదర్శకాలు చెప్పాయి. 200 పఫ్‌ల (ఒక్కసారి నొక్కితే ఒక పఫ్) సాల్బుటమాల్ డబ్బాలు ఏడాదికి మూడు, ఆపైన ఖర్చవుతుంటే తీవ్రమైన దాడుల ముప్పు ఎక్కువ. ఈ లెక్క వ్యాసం మొదట్లోనే పెట్టు. "అతిగా వాడరాదు" అని రాస్తే ప్రతివాళ్లూ తాము తక్కువే వాడుతున్నామనుకుంటారు. డబ్బాలైతే ఎవరివి వాళ్లు లెక్కపెట్టుకోగలరు.

వాడే పద్ధతికి ఒక్క వాక్యమే కేటాయించావు, చాలదు. డబ్బా బాగా ఊపాలి. ఊపిరంతా వదిలి, పెదవులతో ఇన్‌హేలర్ మూతిని గట్టిగా పట్టాలి. నెమ్మదిగా పీల్చడం మొదలవుతుండగా ఒక్కసారే నొక్కాలి. పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్‌కు అర నిమిషమైనా ఆగి, మళ్లీ ఊపాలి. నొక్కడం, పీల్చడం కలవకపోతే మందు గొంతులోనే అతుక్కుంటుంది. అలాంటివాళ్లకు స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య తగిలించే గొట్టం కావాలి. దాన్ని సబ్బునీళ్లలో కడిగి, తుడవకుండా ఆరనివ్వాలి. గుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి మందును గోడలకు పట్టేస్తుంది. పొడిమందు నింపిన క్యాప్సూళ్లు, రోటాక్యాప్‌ల తీరు వేరు: వేగంగా, గట్టిగా పీల్చాలి. ఆ క్యాప్సూల్‌ను మింగేసేవాళ్లూ ఉన్నారు, మింగకూడదని విడిగా రాయి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో మాత్రలకు మొగ్గే ఇళ్లు మనకు చాలా ఉన్నాయి. ఆ భయాన్ని కొట్టిపారేయకు, లెక్క చూపించు. పఫ్‌కు 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క 4 మిల్లీగ్రాముల మాత్రలో 40 పఫ్‌ల మందుంది. అది ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి కాబట్టి ఫలితం ఆలస్యం. చేతుల వణుకు, గుండెదడ ఎక్కువ. మోతాదు బాగా పెరిగితే రక్తంలో పొటాషియం కూడా పడిపోతుంది.

ఊపిరిగొట్టాలను బిగించగల ప్రొప్రనొలాల్ (బీపీ, గుండెదడలకు ఇచ్చేవి) మాత్రలతో పాటు గ్లకోమా అనే కంటిజబ్బుకు వేసే టిమొలాల్ కంటిచుక్కలనూ ప్రస్తావించు. అవీ ఊపిరిగొట్టాలను బిగించగలవు, కానీ చుక్కల సంగతి డాక్టరుకు చెప్పాలని చాలామందికి తోచదు. మృగశిర కార్తెకు చేప ప్రసాదం తీసుకునేవాళ్లూ నీ పాఠకులే. వాళ్లతో వాదన పెట్టుకోకు. తీసుకున్నా సరే, డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆపొద్దని రాయి.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలబడటం కనిపిస్తే 108కి ఫోన్ చేయాలి. ఆలోగా స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగు నుంచి పది పఫ్‌లు ఇవ్వాలి, సాయం అందేదాకా 20 నిమిషాలకోసారి మళ్లీ ఇవ్వాలి. ఇది వ్యాసం మధ్యలో కలిసిపోకుండా విడిగా, పెద్ద అక్షరాల్లో వేయించు. అచ్చుకు పంపేముందు అంకెలన్నీ ఊపిరితిత్తుల డాక్టరుకు ఒకసారి చూపించు.