అలారం సంగతి తర్వాత, ముందు అయ్యగారి సంగతి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర. మా ఆయన పాస్టర్. సండే స్కూలు, బుధవారం స్త్రీల సమాజం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఇంటికొచ్చే దైవజనులకు వంట అన్నీ నేనే చూస్తాను. పడుకునేసరికి పదకొండు దాటుతుంది. అందరి కోసం ప్రార్థిస్తాను గానీ నేనంటూ దేవుని దగ్గర పది నిమిషాలు కూర్చోలేకపోతున్నాను. మొన్న ఉపవాస ప్రార్థనలో మోకాళ్ల మీదే నిద్రపోతే పక్కావిడ తట్టి లేపింది. మా ఆయన మాత్రం రోజూ ఐదు నుంచి ఏడు దాకా తలుపేసుకుని ప్రార్థనలో ఉంటారు. యేసు ఇంటికొస్తే ఆయన మాటలు వినకుండా పనుల్లో మునిగిపోయిన మార్తనైపోయానేమోనని భయం. మూడున్నరకు లేస్తే సరిపోతుందా?

జవాబు: మూడున్నరకు లేవకండమ్మా. లేస్తే శుక్రవారం ఇంకాస్త తొందరగా నిద్రపోతారు, అంతే. అందులో పాపమేమీ లేదు. బైబిల్లో ఏలీయా ప్రవక్త అలసిపోయి చెట్టు కింద పడుకుంటే దేవదూత రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని తాగి ఆయన మళ్లీ పడుకున్నాడు. ప్రార్థన చేయలేదేమని దూత నిలదీయలేదు. మీ ప్రశ్నకు జవాబు ఇంతే.

ఇక అసలు విషయం. మీ ఆయన తలుపేసుకునే మాట మీరు గొప్పగానే రాశారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ రెండు గంటలూ పొయ్యి దగ్గర ఎవరున్నారు? పిల్లలను లేపి, స్నానాలు చేయించి, బాక్సులు కట్టి, "నాన్న ప్రార్థనలో ఉన్నారు, సప్పుడు చేయకండి" అని నోటి మీద వేలు పెట్టేది ఎవరు? ఆయన ఏకాంతానికి మీరు కాపలా ఉన్నారు. బైబిల్లోని పరమగీతం మొదటి అధ్యాయంలోని అమ్మాయి ఇదే చెప్పుకుని బాధపడింది. ఇంటివాళ్లు కోపగించి తనను ద్రాక్షతోటల కాపలాకు పెట్టారట, తన సొంత తోటను మాత్రం కాచుకోలేకపోయిందట.

పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో భార్యలు భర్తలకు లోబడాలన్న మాట ఆరో వచనం దాకా స్త్రీల సమాజంలో మీరు ఎన్నిసార్లో చెప్పి ఉంటారు. ఏడో వచనం మగవాళ్లకు. భార్యను గౌరవించి తెలివిగా కాపురం చేయమని, లేకపోతే వాళ్ల ప్రార్థనలకే ఆటంకమని అందులో ఉంది. అయ్యగారు ఆ వచనం మీద ఎప్పుడైనా ప్రసంగం చేశారా?

మార్త గురించి అంత భయపడకండి. కష్టం కడుపులో దాచుకోకుండా ప్రభువు ముందే నోరు తెరిచి అడిగిన మనిషి ఆమె. మీరు ఆమాత్రం కూడా అడగలేదు. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఒకప్పుడు బైబిలు స్త్రీలు ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవారు. ఆ పనికని వాళ్లను క్రైస్తవ మిషన్ పెట్టుకుని జీతమిచ్చింది. మీకు జీతమూ లేదు, సెలవూ లేదు, "అమ్మగారూ" అన్న పిలుపొక్కటే! సేవ మానేయమని నేను అనను. భర్త సేవలో తోడుండటం భార్య ధర్మమని నమ్మేదాన్నే. ఆ ధర్మం ఆయనకూ ఉందంటున్నాను.

ఐదు నుంచి ఆరు ఆయనకు, ఆరు నుంచి ఏడు మీకు. అదే గది, అదే తలుపు. ఆ గంటలో పిల్లలు, బాక్సులు ఆయన చూసుకుంటారు. మొదటి వారం ఉప్మా మాడుతుంది, మాడనివ్వండి. సాయంత్రం నాలుగు దాటాక అతిథుల గురించి ఫోన్ చేస్తే బగారన్నం, కోడికూర ఉండవని, మెస్ నుంచి తెచ్చుకోవాలని ముందే చెప్పండి. సండే స్కూల్లో చిన్న తరగతులు యూత్ పిల్లలకు అప్పగించండి. యేసు శిష్యులైన అపొస్తలులే భోజనాల పంపిణీకి ఏడుగురిని పెట్టుకున్నారు.

"సేవకుని భార్యవై ఇలా మాట్లాడతావా" అని ఆయన అంటే ఏడవకండి, ఏడో వచనం తీసి చేతికివ్వండి. ఆదివారం మాత్రం ఈ మాట ఎత్తకండి, ఆ రోజు ఆయనా అలసిపోయి ఉంటారు. సోమవారం పొద్దున, టీ ఇవ్వకముందే అడగండి.