తిరుపతి ఎండల్లో లెపర్డ్ గెక్కోలను జత కట్టించాలంటే ముందు ఏం చూసుకోవాలి?

లెపర్డ్ గెక్కో అనే పెంపుడు బల్లుల్లో మగదాన్నీ ఆడదాన్నీ కలిపి రెండడుగుల గాజు తొట్టెలో ఉంచానని, ఈ వేసవిలోనే పిల్లలు తీయించాలని ఉందని, ఇంట్లో అమ్మమ్మగారు మాత్రం బల్లులు అరిష్టం అంటున్నారని రాశారు. నేనూ తిరుపతిలోనే వీటిని పెంచుతున్నాను, పిల్లలనూ తీయించాను. కాబట్టి ఈ ఊరి వాతావరణానికి పనికొచ్చేదే చెబుతాను.

ఈ రోజే రెండింటినీ విడదీయండి. కలిసి ఉంటే మగది ఆడదాన్ని ఊరుకోనివ్వదు. మెడ పట్టుకుంటుంది, తోక కొరుకుతుంది, ఆడది మేత మానేస్తుంది. ఒక్కోదానికి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న తొట్టె విడిగా ఉండాలి. జత కట్టే రోజుల్లో మాత్రం కొద్ది రోజులు కలిపి, మళ్ళీ వేరు చేయాలి. ఒకసారి కలిస్తే చాలు, ఆ వీర్యాన్ని లోపల దాచుకుని ఆడది చాలా విడతలు గుడ్లు పెట్టగలదు.

ఇక వేడి సంగతి. మనకు దొరికే సలహాలు ఎక్కువగా చలి దేశాల వాళ్ళవి. తొట్టెను ఎలా వెచ్చబెట్టాలన్నదే వాళ్ళ బాధ. మనకు అసలు సమస్య చల్లటి మూల. ఈ బల్లికి తొట్టెలో ఒక చివర నేల 32 డిగ్రీలు దాకా ఉండాలి, రెండో చివర 25, 26 ఉండాలి. ఒళ్ళు వేడెక్కగానే అది నడిచి చల్లటి వైపుకు వెళ్ళిపోతుంది, దాని ప్రాణం నిలిచేది అలాగే. రోహిణి కార్తెలో పై అంతస్తు గదిలో తొట్టె పెడితే రెండు చివరలూ ఒకేలా కాలుతాయి, దానికి పోవడానికి చోటే ఉండదు. కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని గది చూసుకోండి. ఆ రోజుల్లో తొట్టెను వెచ్చబెట్టే హీట్ మ్యాట్ తీసేసినా ఫరవాలేదు కానీ, గది 30 దాటితే ఏసీ వేయాల్సిందే. కరెంటు పోయినప్పుడు ఐసు కట్టిన నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి, చల్లటి వైపు తొట్టెకు బయట ఆనించి పెట్టండి.

చలికాలంలో మ్యాట్ కావాలి, అయితే వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా ప్లగ్ పెట్టొద్దు, పొట్ట కాలిపోతుంది. నేను మ్యాట్ పైన పల్చటి కడప బండ పరిచాను, వేడి సమంగా పట్టి నిలుస్తుంది. చల్లటి వైపు సగానికి పగిలిన మట్టికుండ బోర్లించాను. గాజుకు అతికించే గుండ్రటి థర్మామీటర్లను నమ్మకండి, వైరు చివర వేడిని పసిగట్టే ప్రోబ్ ఉండే డిజిటల్‌ది నేల మీదే పెట్టి చూడండి. ఇసుక వద్దు, మేతతో పాటు మింగితే పేగుల్లో అడ్డం పడొచ్చు. గరుకు టైల్స్ గానీ టిష్యూ పేపర్ గానీ చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో తేమ ఎక్కువ, గాలి ఆడకపోతే వీటికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

జత కట్టించే ముందు ఆడదాన్ని తూకం వేయండి. ఏడాది దాటి, కనీసం 50 గ్రాములు ఉండాలి. తోక మెడంత లావుగా ఉందో లేదో చూడండి, దాని నిల్వ కొవ్వంతా అక్కడే ఉంటుంది. గుడ్డు పెంకుకు కావాల్సిన సున్నం దాని ఎముకల్లోంచే పోతుంది. మా దగ్గర ఒక ఆడది మూడో విడత గుడ్లు పెట్టాక తోక సన్నబడింది. ఆ ఏడాదంతా దానికి మగదాన్ని చూపించలేదు. మేత, క్యాల్షియం పెట్టి కోలుకోనిచ్చాను. క్యాల్షియం పొడి చిన్న మూతలో ఎప్పుడూ ఉంచండి, పురుగులకు అద్దీ పెట్టండి. విటమిన్ డీ3 కలిసింది వారానికి ఒకటి రెండుసార్లు చాలు. తాంబూలం సున్నం పెట్టొచ్చా అని అడిగేవాళ్ళున్నారు. అస్సలు వద్దు, నోరు కాలిపోతుంది. మేతకు మీల్‌వార్మ్ పురుగులు, క్రికెట్‌లు (కీచురాళ్ళు) ఇంట్లోనే పెంచుకోవచ్చు. వాటికి క్యారెట్, మునగాకు వేసి ఆ తర్వాత బల్లికి పెట్టండి. పొలం గట్టున పట్టిన మిడతలకు పురుగుమందు అంటి ఉంటుంది, వాటిని ముట్టుకోవద్దు.

సంక్రాంతి తర్వాత కలిపితే మంచిది. కలిసిన మూడు నాలుగు వారాలకు తొలి గుడ్లు వస్తాయి. మూతకు రంధ్రం కోసిన ప్లాస్టిక్ డబ్బాలో తడి కొబ్బరి పొట్టు నాలుగు అంగుళాలు నింపి ఉంచండి. పిడికిలితో పిండితే ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. రాత్రిపూట ఆడది అందులో గీరుతూ ఉంటుంది. పొద్దున చూస్తే దాని పక్కలు లోపలికి పోయి చర్మం వదులుగా వేలాడుతుంది. అంటే గుడ్లు పెట్టేసింది. మామూలుగా రెండు ఉంటాయి. ఏ వైపు పైకి ఉందో పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, అలాగే తిప్పకుండా తీయండి, తిరగబడితే లోపలి పిండం చచ్చిపోవచ్చు. కొన్ని రోజుల తర్వాత చీకట్లో టార్చి ఆనిస్తే గులాబీ రంగులో ఎర్రటి నరాలు కనిపిస్తాయి.

గుడ్లకూ మే నెలలో గండమే. 27 డిగ్రీల దగ్గర పొదిగితే ఎక్కువగా ఆడవి, 32న్నర దగ్గర ఎక్కువగా మగవి పుడతాయి. 35 దాకా పోతే గుడ్లు చెడిపోతాయి. చేపల థర్మకోల్ పెట్టె చలికాలానికి పనికొస్తుంది, ఎండాకాలంలో దాన్ని ఏసీ గదిలోనే పెట్టాలి. పిల్లలు బయటికి రావడానికి వేడిని బట్టి నెలా పది రోజుల నుంచి రెండు నెలల పైచిలుకు పడుతుంది. పుట్టిన పిల్లలు మూడు నాలుగు రోజులకు తొలి కుబుసం విడిచాకే తింటాయి. ప్రతి పిల్లకూ వేరే డబ్బా కావాలి. అన్ని డబ్బాలకు ఇంట్లో చోటు లేకపోతే ఈ ఏడాది గుడ్లు పొదిగించకండి.

ఇవి అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్‌తో పాటు మన దేశపు వాయవ్య దిక్కునా అడవిలో ఉండే జాతి. కొన్న బిల్లు, పెంపకంలో పుట్టినదన్న కాగితం తీసుకుని, జత కట్టించే ముందే అటవీ శాఖ కార్యాలయంలో అడిగి రండి. ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి: శేషాచలం కొండల్లోని బంగారు బల్లికి 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో రక్షణ ఉంది. దాన్ని పట్టడం నేరం. ఎవరైనా అమ్మజూపితే కొనకుండా అటవీ శాఖకు చెప్పండి.

అమ్మమ్మగారి భయం కొట్టిపారేసేది కాదు. బల్లి మీద పడితే కంచి వరదరాజస్వామి గుడిలో బల్లిని తాకి వచ్చే ఇళ్ళే మనవి. ఈ బల్లికి గోడ ఎక్కే మెత్తలు కాళ్ళకు లేవని, పైకప్పు నుంచి ఎవరి మీదా పడే వీలు లేదని ఆమెకు చూపించండి. కళ్ళకు రెప్పలు కూడా ఉంటాయి, మూసుకుని నిద్రపోతుంది. వంటగదిలోకి తేవద్దు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. వీటి ఒంటి మీద కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండే అవకాశం ఉంది.

ఆడది మేత మానేసినా, గుడ్డు లోపల ఇరుక్కుపోయినట్టు అనిపించినా ఆలస్యం చేయకుండా మన వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ముందు మీ ఆడదాని బరువు, వయసు, తొట్టె రెండు చివరల్లో మధ్యాహ్నం ఎంత వేడి ఉందో ఇక్కడ రాయండి. ఈ ఏడాది కలపాలో వద్దో అప్పుడు చెబుతాను.