ఎండు మిర్చిలో అఫ్లాటాక్సిన్: మన ల్యాబ్‌లో పాసైన లాటు కొన్నవాళ్ల ల్యాబ్‌లో ఎందుకు ఫెయిలవుతుంది?

ప్రశ్న ఇదీ: ఖమ్మం దగ్గర నెలకు రెండు టన్నుల కారం ఆడించే చిన్న యూనిట్. యూరప్‌కు పంపే వ్యాపారికి ఇచ్చే ముందు పరీక్ష చేయిస్తే అఫ్లాటాక్సిన్ (ఒక రకం బూజు వదిలే విషం) మొత్తం 3 పీపీబీ (పీపీబీ అంటే వంద కోట్లలో ఒక పాలు) వచ్చింది. అదే లాటుకు ఆయన ల్యాబ్‌లో 14 వచ్చి సరుకు వెనక్కి పంపారు. తప్పు ల్యాబ్‌దా, సరుకుదా? ఎక్కడ దిద్దుకోవాలి?

రెండు ల్యాబ్‌లూ సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. రిపోర్టు చెప్పేది మీరిచ్చిన మచ్చు గురించే, లాటు గురించి కాదు. అఫ్లాటాక్సిన్ కూరలో ఉప్పులాగా సరుకంతా సమానంగా పరుచుకొని ఉండదు. బూజు పట్టిన కాయలో వేలల్లో ఉంటుంది, పక్కనున్న కాయలో సున్నా. కిలో తేజ రకం మిర్చికి వెయ్యి కాయల పైనే తూగుతాయి. వాటిలో ఒక్క కాయలో 5,000 పీపీబీ ఉందనుకోండి, ఆ కిలో సగటు 5కి దగ్గరగా వెళ్లిపోతుంది. అఫ్లాటాక్సిన్‌లో కొన్ని రకాలున్నాయి. యూరప్‌లో మిరపకు వాటిలో బీ1 రకం హద్దు అదే 5, అన్నీ కలిపి 10. మన దేశంలో మసాలా దినుసులకు మొత్తం 30. అంటే మీ 14 ఇక్కడ చెల్లుతుంది, అక్కడ చెల్లదు.

ఈ లెక్కను టిక్కీల్లో (మిర్చి తొక్కి కుట్టే బస్తాల్లో) చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 40 కిలోల టిక్కీలు 25 కలిస్తే టన్ను. ఇరవై నాలుగు శుభ్రంగా ఉండి, నెమ్ము పట్టిన ఒక్క దాంట్లో 200 పీపీబీ ఉంటే కలిపి ఆడించాక టన్ను మొత్తం 8కి చేరుతుంది. పైన ఉన్న నాలుగు టిక్కీల మూతి నుంచి గుప్పెడు గుప్పెడు లాగి ల్యాబ్‌కు పంపితే ఆ ఇరవై అయిదోది దొరికే అవకాశం ఎంత? అందుకే ముందు మచ్చు తీసే పద్ధతి మార్చండి. కాయ మీద అయితే ప్రతి టిక్కీనీ కుట్టు విప్పి కుమ్మరించి నాలుగు చోట్ల నుంచి (ఒక పాలు తప్పనిసరిగా అడుగున ఉన్న కాయ) 100 గ్రాముల చొప్పున తీయండి. 25 టిక్కీలకు 100 చోట్లు, 10 కిలోలు. యూరప్‌లో పెద్ద లాట్లకు కూడా 100 చోట్ల నుంచే తీస్తారు. ఆ పది కిలోలూ మెత్తగా ఆడించి, బాగా కలిపి, అప్పుడు అరకిలో ప్యాకెట్లు మూడు కట్టండి: ఒకటి ల్యాబ్‌కు, ఒకటి కొనేవారికి, ఒకటి సీలు వేసి మీ దగ్గర. పది కిలోల కాయ నుంచి ఆడించకుండా అరకిలో తీస్తే మళ్లీ మొదటికొస్తారు. పొడి మీద తీయడం ఇంతకంటే సులువు, నమ్మకం కూడా ఎక్కువ. మిల్లు నోటి దగ్గర పొడి పడుతుంటే బ్యాచ్ మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ప్రతి అయిదు నిమిషాలకు ఒక చెంచాడు పట్టండి. స్ట్రిప్ టెస్టులు (పట్టీ మీద గీత చూసి అక్కడికక్కడే తేల్చేవి) టిక్కీలను వడగట్టడానికి పనికొస్తాయి. ఎగుమతికి హెచ్‌పీఎల్‌సీ (యంత్రం మీద విషాన్ని విడదీసి కొలిచే పద్ధతి) లాంటి ల్యాబ్ రిపోర్టు కావాలి.

ఇక విషం ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు మన దగ్గరి వేడినే కోరుకుంటుంది, 25 నుంచి 35 డిగ్రీలు దానికి పండగ. వేడిని మనం ఆపలేం, కాబట్టి చేతిలో ఉన్నది తేమ ఒక్కటే. కాయలో తేమ 10 శాతం దగ్గర ఉంటే బూజు లేవదు. ఆహార భద్రతా ప్రమాణాల్లో ఎండు మిర్చికి 11 శాతం మించకూడదని ఉంది. 14 దాటిన టిక్కీని గోడౌన్‌లో వారాల తరబడి ఉంచడమంటే బూజును పెంచుకోవడమే.

మొదటి చోటు కల్లం. కోసిన కాయను రంగు తిరగడానికి రాశి పోస్తారు. ఒకరోజు వరకు ఫరవాలేదు, రెండు మూడు రోజులు కుప్పలో మగ్గితే లోపల వేడెక్కి చెమట పడుతుంది. మట్టి మీద కాకుండా సిమెంటు కల్లం మీదో టార్పాలిన్ మీదో పలచగా పరిచి, రోజూ తిరగేయాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాత్రి మంచు కురుస్తుంది కాబట్టి సాయంత్రం పట్టా కప్పాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఎండలో కాగిన కాయను నాలుగున్నరకే కుప్ప చేసి వేడి మీదే పట్టా కప్పేస్తారు. రాత్రి పట్టా చల్లబడి లోపలివైపు నీళ్లు కడతాయి, తెల్లారేసరికి పైవరుస తడిసి ఉంటుంది. కాయ చల్లారాక కప్పండి, పొద్దున పట్టా మీద మంచు ఆరాక తీయండి. గింజ గలగలలాడితే ఎండినట్టేనంటారు, అది సగమే నిజం. తొక్క, గింజ ముందే ఎండుతాయి. తొడిమ మొదలు, లోపల గింజలు అంటుకునే గుజ్జుపట్టీ చివర్లో ఎండుతాయి. బూజు మొదలయ్యేది కూడా అక్కడే.

రెండో చోటు టిక్కీ కుట్టడం. నన్నడిగితే మొత్తం గొలుసులో ఎక్కువ నష్టం ఇక్కడే. బాగా ఎండిన కాయను తొక్కి నింపితే విరుగుతుంది, విరిగిన కాయకు ధర తగ్గిస్తారు. అందుకని నీళ్లు చల్లుతారు. బరువూ కలిసొస్తుంది. ఎంత నీళ్లో లెక్క వేయండి: 10 శాతం తేమ ఉన్న 40 కిలోల కాయలో పొడి సరుకు 36 కిలోలు. అది 14 శాతానికి ఎక్కాలంటే తూకం 41.9 కిలోలు కావాలి. అంటే రెండు లీటర్లు కూడా అక్కర్లేదు, ఒక టిక్కీ పాడవడానికి. చల్లిన నీళ్లు టిక్కీ అంతటా సర్దుకోవు కూడా. కొన్ని కాయలు 11 మీద, కొన్ని 20 మీద ఉంటాయి. ఆ 20 మీద ఉన్నవే మీ 14 పీపీబీ.

రైతును తిట్టుకుని లాభం లేదు. తూకానికే డబ్బు ఇస్తున్నంతకాలం నీళ్లు బరువే అవుతాయి. మీరు నేరుగా కొనేవారైతే 10 శాతం తేమ లెక్కకు మార్చి కట్టండి: తూకాన్ని 100లోంచి తేమ తీసేయగా మిగిలిన అంకెతో హెచ్చించి, 90తో భాగించాలి. 14 శాతం ఉన్న 40 కిలోల టిక్కీకి 38.2 కిలోల డబ్బే వస్తుంది. 9 శాతం ఉన్నదానికి 40.4 కిలోల డబ్బు ఇవ్వాలి, అదీ మరిచిపోకూడదు. ఎండబెట్టినవాడికి ఎక్కువ రాకపోతే తరుగు మాత్రమే గుర్తుంటుంది. కాయ విరగడానికి మందు నీళ్లు కాదు. తెల్లవారుజామున, గాలిలో చల్లదనం ఉండగా కాయ తనంతట తనే కాస్త మెత్తబడుతుంది. ఎండెక్కకముందే నింపడం ముగించాలి.

తేమ కొలవడం గురించి ఒక మాట. ముళ్లు గుచ్చే మీటర్లు ఎండు మిర్చి మీద అటూఇటూ చూపిస్తాయి, తొక్కలోపల గాలే ఎక్కువ కదా. ల్యాబ్‌లో మసాలాలకు టోలుయీన్ అనే ద్రావకంతో మరిగించి, బయటికొచ్చిన నీటిని కొలిచే పద్ధతి వాడతారు. రోజువారీకి చౌకైన దారి ఉంది: టిక్కీ నడుమ నుంచి తీసిన కాయను గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో ముప్పాతిక వంతు నింపి, గాలిలో తేమ చూపే చిన్న డిజిటల్ గడియారం లాంటిది ఉంటుందే, దాన్ని లోపల పెట్టి మూసి నీడలో రాత్రంతా ఉంచండి. పొద్దున సంచిలోని గాలి తేమ 65 శాతం లోపు చూపిస్తే నిల్వకు పనికొస్తుంది. 70 దాటితే మళ్లీ ఎండబెట్టాలి. 80 చూపించిన టిక్కీని లోపలికే రానివ్వకండి. సంచిని ఎండలో పెడితే అంకె తప్పు చూపిస్తుంది.

లారీలో, యార్డులో చూడాల్సింది కొద్దిగానే: తడి నేల, చిరిగిన పట్టా, అంతకుముందు ఎరువులో పురుగుమందో వేసిన లారీ. పాత ఎరువుల సంచుల్లో వచ్చిన కాయను ధర తగ్గించి కూడా తీసుకోకండి.

కోల్డ్ స్టోరేజీ సంగతి మాత్రం ఆగి చెప్పాలి. ఏసీ కాయ (కోల్డ్ స్టోరేజీలో ఉంచినది) అంటే భద్రమని అందరి నమ్మకం. లోపల ఉన్నంతవరకు, తేమ తక్కువతో వెళ్లి ఉంటే, నిజమే. చల్లదనం బూజును నిద్రపుచ్చుతుంది, చంపదు. ముందే పుట్టిన విషాన్ని అసలు ముట్టదు. ప్రమాదం బయటికి తెచ్చే రోజున ఉంటుంది. 5, 6 డిగ్రీల నుంచి తీసిన టిక్కీని జూన్‌లో, వానకారు గాలిలో గుమ్మం ముందు దించి వెంటనే కుట్టు విప్పితే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టు చల్లటి కాయల మీద నీరు పడుతుంది. కుట్టు విప్పకుండా, చెక్క దిమ్మెల మీద, టిక్కీకి టిక్కీకి జానెడు సందు ఉంచి, ఫ్యాను గాలికి ఒకరోజు వదిలేయండి. నడుమ కాయ బయటి వేడికి వచ్చాకే విప్పాలి. అవసరమైన రోజుకు సరిపడానే తెప్పించుకోండి. తెచ్చి పదిహేను రోజులు వరండాలో పెట్టే పని వద్దు.

మీ యూనిట్ గుమ్మం దగ్గర పెట్టాల్సిన అసలు కాపలా కాయ విరిచి చూడడం. బూజు పైకి కనబడదు. ఎర్రగా, నిగనిగలాడుతున్న కాయలోనే ఉంటుంది. ప్రతి టిక్కీ నుంచి 50 కాయలు తీసి నిలువునా చీల్చండి. గింజలు పసుపు రంగులో, గుజ్జుపట్టీ శుభ్రంగా ఉంటే మంచిది. గింజలు నల్లబడి ఒకదానికొకటి అంటుకుని, మీద పసుపు కలిసిన ఆకుపచ్చ ధూళి కనిపిస్తే అదే మన దొంగ. బూడిదరంగు, నల్ల బూజులు వేరే జాతులు, అవీ వద్దు. యాభైలో ఒకటి దొరికినా ఆ టిక్కీ పక్కకు. చీల్చేవాళ్లకు మాస్కు ఇవ్వండి. కాయతొలుచు పురుగు కన్నం ఉన్నవి, కాయకుళ్లు మచ్చ ఉన్నవి, పగిలినవి ఏరించండి. బూజుకు దారి అవే. అతినీలలోహిత టార్చి వేసి మెరిసిన కాయ తీసేస్తే చాలని అమ్మేవాళ్లు చెబుతారు. మిర్చి మీద దాన్ని నమ్మకండి.

తాలు కాయ విషయంలో నాది కఠినమైన మాట: ఎగుమతి బ్యాచ్‌లో గ్రాము కూడా వేయొద్దు. తెల్లబడింది, కుళ్లింది, ముదరక వాడింది అన్నీ అందులోనే ఉంటాయి. కారం కిలోకు కాస్త మిగలాలని పది శాతం తాలు కలిపి, తగ్గిన రంగును మరోదారిన తెచ్చుకునే అలవాటు నుంచే సుడాన్ రంగుల (తిండిలో వేయకూడని పారిశ్రామిక ఎరుపు రంగుల) గొడవ పుట్టింది. 2003లో యూరప్ మిర్చికి సుడాన్ 1 లేదని రుజువు అడగడం మొదలుపెట్టింది. బయట ఆడించిన పొడిని కొనొద్దని చెప్పేది కూడా ఇందుకే. పొడయ్యాక ఏరడానికి ఏమీ మిగలదు.

మిల్లులో విషం పుట్టడం తక్కువ, వ్యాపించడం ఎక్కువ. తొడిమ తీయించేటప్పుడు ఘాటు లేవకుండా నీళ్లు చిలకరిస్తారు, ఆపించండి. ఆడించిన పొడి వేడిగా ఉండగానే కవర్లో కడితే కవరు లోపల చెమట పట్టి గడ్డలవుతుంది. పలచగా పరిచి చల్లార్చి కట్టాలి. సుత్తుల వెనుక, జల్లెడ అంచున పేరుకున్న పాత పొడిని బ్రష్‌తో పొడిగానే దులపండి, నీళ్లతో కడగొద్దు.

పోగొట్టే మార్గం ఉందా అని చాలామంది అడుగుతారు. వేయించినా, ఆవిరి పట్టినా అఫ్లాటాక్సిన్ పూర్తిగా పోదు. ఆవిరి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను, బూజును చంపుతుంది. బూజు వదిలిన విషం అలాగే ఉంటుంది. క్రిములను చంపడానికి పట్టే ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాసుదీ అంతే, పైగా దాని అవశేషాల గొడవ వేరు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ మన మసాలాలు కొన్నింటిని ఆపింది ఆ గ్యాసు కారణంగానే.

కాగితం పని తప్పదు, చిన్నగా పెట్టుకోండి. ప్రతి టిక్కీ మీద నంబరు. పుస్తకంలో ఆ నంబరు ఎదుట రైతు లేదా కమీషన్ ఏజెంట్ పేరు, తేది, సంచి పరీక్ష అంకె, చీల్చిన కాయల ఫలితం, ఏ బ్యాచ్‌లో పడింది. ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు. రిపోర్టు వచ్చేదాకా బ్యాచ్ కదలకూడదు. నెలకోసారి ఏదో ఒక ప్యాకెట్ తీసుకుని రెండు గంటల్లో టిక్కీల నంబర్లు చెప్పగలరేమో మీకు మీరే చూసుకోండి. ఒక్కో బ్యాచ్‌ను ఒకే చోటు నుంచి వచ్చిన పాతిక టిక్కీలకు పరిమితం చేస్తే, తేడా వచ్చినప్పుడు పోయేది టన్నే.

వెనక్కొచ్చిన మీ లాటు మాటకొస్తే, శుభ్రమైన కారంలో కలిపి అంకె దించి మళ్లీ యూరప్‌కు పంపే ఆలోచన మానుకోండి. హద్దు దాటిన సరుకును దాటనిదాంతో కలపడం అక్కడి చట్టంలో నిషేధం. పైన చెప్పినట్టు మచ్చు మళ్లీ తీసి, ఇక్కడి ల్యాబ్‌లో మరోసారి చూపించి, 30కి బాగా లోపే ఉంటే రిపోర్టు చూపించి మరీ దేశంలోనే అమ్మొచ్చు. అదే కాయ ఆడించకుండా ఇంకా టిక్కీల్లో మిగిలి ఉంటే మాత్రం మీ అదృష్టం: టిక్కీకి ఒక స్ట్రిప్ టెస్టు చొప్పున చేసి చూడండి, ఆ ఒకటి రెండు టిక్కీలు దొరకొచ్చు.