ఈఈఈనా, ఈసీఈనా? పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బాబు ప్లస్ టూ సైన్స్ పాసయ్యాడు. ఈఈఈ చదివి కరెంటు లైన్లకి వైర్‌లెస్ పెట్టే పని చేస్తానంటున్నాడు. కరెంటుకీ సెల్ టవర్‌కీ ఏం సంబంధం? అలాంటప్పుడు ఈసీఈయే మేలు కదా?

జవాబు: మీవాడి మాటే వినండి, ఈఈఈలోనే చేర్చండి. కొన్ని కాలేజీల్లో ఎలక్ట్రికల్ అని ఉంటుంది, అదైనా సరే.

సంబంధం చాలానే ఉందండీ. దేశమంతా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని 2021లో కేంద్రం పథకమే తెచ్చింది. ఆ మీటరు రీడింగ్‌ని తనే పంపుతుంది. లోపల సిమ్ ఉంటే నేరుగా టవర్‌కి, లేదంటే పక్కింటి మీటరుకి, అది ఆ పక్కదానికి అందించుకుంటూ స్తంభం మీది గేట్‌వే దాకా (మీటర్ల కబుర్లన్నీ పోగుచేసి ఆఫీసుకి పంపే పెట్టె అది). ఈ రెండోదాన్ని ఆర్‌ఎఫ్ మెష్ అంటారు. ఇళ్లు ఆనుకుని ఉండే మీ పేటలో మెష్ సరిపోతుంది. మోహన వైపు కొండల్లో ఊరికీ ఊరికీ అంత దూరం ఉన్నచోట ఏం చేస్తాం? టవర్‌నే నమ్ముకోవాలి, దానికీ చిక్కులున్నాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది. స్తంభాలు పడి కరెంటు పోతే టవర్ బ్యాటరీ మీద కాసేపు లాగి అదీ ఆగిపోతుంది, ఇక లైను ఎక్కడ తెగిందో ఆఫీసుకి కబురు చెప్పేదేదీ ఉండదు. కరెంటు పోయిన క్షణంలో మిగిలిన కాస్త చార్జితో 'పోయింది' అని ఒక మెసేజ్ పంపి ఆరిపోయే మీటర్లున్నాయి, కానీ అందుకునే టవర్ బతికుండాలిగా! ఎక్కడ ఫైబర్ వెయ్యాలి, ఎక్కడ రేడియో చాలు, బ్యాటరీ ఎన్ని గంటలు ఉండాలి, ఇవన్నీ తేల్చాల్సింది కరెంటు నడక తెలిసినవాడే. మీటరు రీడింగ్ అరగంట ఆలస్యమైతే కొంపేమీ మునగదు, అదే లైనులో ఫాల్ట్ వచ్చినప్పుడు బ్రేకర్‌ని, అంటే కరెంటు ఆపే పెద్ద స్విచ్‌ని, కొట్టించే సందేశం సబ్‌స్టేషన్‌లో 4 మిల్లీసెకన్లలోపే చేరాలి. 5జీ పేరు వింటే ఊగిపోయేవాళ్లకి ఈ తేడా పట్టదు. రేడియో సంగతి తర్వాతైనా నేర్చుకోవచ్చు, ఫాల్ట్‌ని పసిగట్టి బ్రేకర్‌కి చెప్పే రిలే ఎందుకు ట్రిప్ అయిందో అర్థం చేసుకోవడం మాత్రం ఈఈఈలోనే వంటబడుతుంది.

రెండో ఏడాది నుంచి ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో కమ్యూనికేషన్, నెట్‌వర్క్ పాఠాలు ఉచితంగా వినమనండి. చిన్న లోరా మాడ్యూల్ (తక్కువ కరెంటుతో దూరానికి కబురు పంపే రేడియో ముక్క) కొని కాలేజీ ల్యాబులోని ట్రాన్స్‌ఫార్మర్ వేడిని ఫోనుకి పంపే ప్రాజెక్టు చెయ్యమనండి. ఇంటి మీటరు సీలు మాత్రం విప్పనివ్వకండి, కేసవుతుంది! మీటర్లు బిగించే కాంట్రాక్టు పనులు ఇప్పుడు బోలెడు కనిపిస్తాయి, వాటి కోసం చదువు మానిపించొద్దు. జేఈఈ మెయిన్ ర్యాంకుని బట్టి బరంపురం పరలా మహారాజా కాలేజీ, బుర్లాలోని సాంకేతిక విశ్వవిద్యాలయం వీఎస్‌ఎస్‌యూటీ చూడండి. తర్వాత ఇంజినీర్లకి పెట్టే గేట్ పరీక్ష రాస్తే పవర్‌గ్రిడ్ లాంటి కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థలకి దారి ఉంటుంది.

ఒకటి మర్చిపోకండి, మన తెలుగు పిల్లలు చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకి ఒడియా చదవడం, రాయడం రావాలి, కనీసం ఎంఈ స్కూల్ (ఏడో తరగతి) స్థాయిలో ఆ సబ్జెక్టు పాసైనట్టు కాగితం అడుగుతారు. బాబు దగ్గర అది ఉందో లేదో ఈ వారమే చూడండి.