నేను ‘ఒరేయ్’ అన్న ఫ్రెండ్‌కి 63 ఏళ్ళు

పాటల ఫ్యాన్ గ్రూపుల్లో పాతికేళ్ళ వాళ్ళకీ అరవై దాటిన వాళ్ళకీ నిజంగా ఫ్రెండ్షిప్ కుదురుతుందా అని అడిగారు. భేషుగ్గా కుదురుతుందండీ, ఒకళ్ళ వయసు ఒకళ్ళకి తెలియనంత వరకు. తెలిశాకే చిక్కు, అదీ మన తెలుగువాళ్ళకే, అవతలి మనిషిని ఏమని పిలవాలో తేలక.

నేనుండేది చెన్నైలో. 2020 లాక్‌డౌన్‌లో ఏం తోచక పాత పాటల టెలిగ్రామ్ గ్రూపులో చేరా, అప్పుడు నాకు 21. అందులో ఒకడు, అవును ‘ఒకడు’ అనే అనుకునేవాణ్ణి, డీపీలో పిల్లి బొమ్మ, మాటకి ముందు ఒరేయ్, నేనేం పెట్టినా తప్పు పట్టేవాడు. నేనూ తగ్గలా, ‘నీకేం తెలుసురా నోర్ముయ్’ దాకా వెళ్ళా. ఎవడో బ్యాక్‌లాగులున్న ఇంజినీరింగ్ కుర్రాడనుకున్నా. సెప్టెంబర్ 25న బాలు పోయిన రాత్రి అందరం పేజీలు పేజీలు రాసుకుని ఏడుస్తుంటే వాడు మాత్రం ‘నాకిది రెండోసారి రా’ అని ఒక్క లైను పెట్టి మాయమైపోయాడు. ఫోజు కొడుతున్నాడనుకున్నా.

తర్వాతి ఏడాది ఒక ఘంటసాల పాటలో రెండో చరణం ఉందా లేదా అని కొట్టుకున్నాం. సినిమాలో ఉంది, నేను చూశా. గ్రామఫోన్ ప్లేటులో లేదంటాడు. 78 స్పీడు ప్లేటు ఒక వైపుకి మూడు నిమిషాల చిల్లరే పడుతుంది, అందుకే చరణాలు కోసేసేవాళ్ళు అని క్లాసు పీకి, ప్రూఫ్ అంటూ ప్లేటు ఫోటో పెట్టాడు. నేను ప్లేటు చూడలేదు, దాన్ని పట్టుకున్న చెయ్యి చూశా. చర్మం అంతా ముడతలు, వేలికి ఉంగరం వదులైపోతే జారకుండా అడుగున తెల్లదారం చుట్టి ఉంది, అచ్చం మా తాతయ్యది లాగే. ఏడాది పాటు తిట్టిన తిట్లన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ‘సార్, మీ ఏజ్ ఎంత’ అని విడిగా మెసేజ్ పెట్టా. ‘63. సార్ ఏంట్రా మధ్యలో, చరణం సంగతి తేల్చు’ అన్నాడు. అన్నారు.

ఐసీఎఫ్‌లో, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, చేసి రిటైరయ్యారట, ఇల్లు విల్లివాక్కంలో. ఓ ఆదివారం వెళ్ళా. గుమ్మంలో ‘నమస్తే అంకుల్’ అన్నానా, మొహం మాడిపోయింది. వెనకనుంచి వాళ్ళావిడ ‘మిమ్మల్ని రోజూ తిట్టే కుర్రాడు ఇతనేనా’ అని తొంగి చూసి, కాఫీతో పాటు జంతికలు పెట్టారు. ఆయన పట్టుగుడ్డతో ప్లేటు తుడిచి ముల్లు పెట్టారు. గరగర మధ్యలోంచి గొంతు లేచింది, పాట అయిపోయింది. రెండో చరణం లేదు. ప్లేటు కవర్లో పెడుతూ, ‘74 ఫిబ్రవరిలో ఘంటసాల పోయినప్పుడు నాకు 16, రేడియోలో విని మూడ్రోజులు అన్నం ముట్టలేదు, మా నాన్న చేతిలో దెబ్బలు కూడా తిన్నా’ అన్నారు. నేను జంతిక నములుతూ ఊరుకున్నా.

ఇంకోటి, పెద్దవాళ్ళుంటే గ్రూపు గుడ్‌మార్నింగ్ గులాబీలతో నిండిపోతుందని కుర్రాళ్ళ ఏడుపు. అబద్ధం. నేను గమనించినంత వరకు ఆ గులాబీలు పంపేది నలభైల్లో ఉన్న బ్యాచ్, రాసిపెట్టుకోండి. అరవై దాటినోళ్ళు నేరుగా గొడవకే వస్తారు. అసలు తలనొప్పి మా వయసు వాళ్ళే, ప్రతి పాట కింద ‘ఈ ఇయర్ ఎవరెవరు వింటున్నారు, లైక్ కొట్టండి’ అనేవాళ్ళు. పాట వినడానికి హాజరు పట్టీ ఎందుకో.

ఇక పిలుపు సంగతి. గ్రూపులో ఇప్పటికీ ‘ఒరేయ్’ అనే అనాలని ఆయన ఆర్డర్, అంటున్నా, కొత్తగా చేరినవాళ్ళు నాకు మర్యాద నేర్పుతుంటారు. ఇంటికెళ్తే మాత్రం ఆంటీ ముందు నోరు రాక ‘మీరు’. ఫోన్లో అయితే అటూ ఇటూ కాకుండా, ఏ పిలుపూ లేకుండా, ‘అదేంటంటే...’ అని మొదలెడతా.