కరెంటు ప్లాంటుకు గడ్డి ఇస్తున్నారా? ముందు తేమ చూసుకోండి

ప్రశ్న: కోత అయ్యాక వరిగడ్డి తగలబెట్టడం ఇష్టం లేక, బయోమాస్ కరెంటు ప్లాంటుకు ఇద్దామని బేలర్‌తో కట్టలు కట్టించాం. మొదటి లోడే తేమ ఎక్కువుందని వెనక్కి పంపారు. ఎలాగూ మంటలో వేసేదానికి ఇంత పట్టింపు ఎందుకండీ? గడ్డంతా తీసేస్తే నేలకేమైనా నష్టమా?

జవాబు: లోడు తిరిగొస్తే కట్టల కూలీ, బండి కిరాయి రెండూ నెత్తిన పడతాయి, కష్టమే. కానీ తేమ దగ్గర ప్లాంటు వాళ్ల పట్టింపు న్యాయమే. 100 కిలోల గడ్డిలో 30 కిలోలు నీళ్లే ఉన్నాయనుకోండి, బాయిలర్‌లో ముందు ఆ నీళ్లన్నీ ఆవిరి కావాలి, అందుకు ఖర్చయ్యేది మీ గడ్డిలో ఉన్న వేడే. 15 శాతం తేమతో ఉంటే కిలోకు దాదాపు 14 మెగాజౌళ్ల వేడి వస్తుంది, అంటే మంచి బొగ్గులో ఇంచుమించు సగం. అందులోనూ కొంత నీళ్లకే పోతే ఎలా?

ఇక నిల్వ. కోతలు కొన్ని వారాల్లో అయిపోతాయి, బాయిలర్ మాత్రం ఏడాది పొడుగునా మండాలి. ఇంగ్లండ్‌లో ఈలీ దగ్గర 2000లో మొదలైన 38 మెగావాట్ల ప్లాంటుకు ఏడాదికి దాదాపు 2 లక్షల టన్నుల గడ్డి కావాలి. అలాంటి చోట గడ్డి నెలల తరబడి వాముల్లో ఉండాల్సిందే, తడి కట్టేమో లోపల మాగి, వేడెక్కి, ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుంది. అందుకే కట్టకముందే గుప్పెడు గడ్డి తీసి మెలిపెట్టండి. పెళపెళా విరిగితే సరే, తాడులా మెలి తిరిగిందంటే ఇంకా ఆరాలి. కట్టిన కొన్ని రోజులకు ఒక కట్టలోకి మోచేతి దాకా చెయ్యి దోపి చూడండి, వెచ్చగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా దాన్ని వాములో పెట్టొద్దు. వాము మొత్తం వేడెక్కి పొగలు వస్తుంటే మాత్రం కదపకండి, గాలి తగిలితే భగ్గుమంటుంది, ముందు ఫైర్ వాళ్లను పిలవండి.

నేల సంగతి మీరు అడగడం నాకు చాలా నచ్చింది, చాలామంది ఇది ఆలోచించరు. టన్ను వరిగడ్డితో పాటు 12 నుంచి 17 కిలోల పొటాషియం, 5 నుంచి 8 కిలోల నత్రజని పొలం దాటిపోతాయి. తగలబెట్టినా నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది, పొటాషియం మాత్రం బూడిదలో మిగులుతుంది. కాబట్టి అంతా ఊడ్చి ఇవ్వకండి, కొయ్యకాళ్లూ కొంత గడ్డీ పొలంలోనే వదిలేయండి.

తర్వాతి పంట విత్తడానికి టైముంటే ఇంకో పని చేయొచ్చు. గడ్డిని ఒకట్రెండు వానలకు తడవనిచ్చి, మళ్లీ బాగా ఎండాకే కట్టించండి. పశువులకు అది పనికిరాదు కానీ, అందులోని పొటాషియం, క్లోరిన్ చాలావరకు కడుక్కుపోతాయి. బాయిలర్ గొట్టాలను తినేసేవీ, బూడిదను కరిగించి గడ్డకట్టించేవీ ముఖ్యంగా అవే. కడుక్కుపోయిన పొటాషియం మీ నేలలోకే దిగుతుంది. గడ్డిని పోగుచేసే రేక్‌ను (దంతెను) మాత్రం మట్టిని గీకేంత కిందికి దించొద్దని డ్రైవర్‌కు చెప్పండి, మట్టి కలిస్తే ఆ లోడు కూడా వెనక్కి రావచ్చు.