బుజ్జీ, ఫ్యూజు ఏ చివర పెట్టావు?

చిరంజీవి బుజ్జికి,

మేనత్త ఆశీస్సులు. మోటారుసైకిలుకి హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని ఔత్సాహికులు మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్టు) బిగించుకుని వరదల్లో లంక గ్రామాలు తిరుగుతావని మీ అమ్మ ఫోను చేసి ఏడ్చింది. ఆమెను ఓదార్చి, ఫోను పెట్టేసి, నా పాత లాగ్‌బుక్కు బయటికి తీశాను. మన ఇంట్లోకి మళ్ళీ ఒక కాల్‌సైన్, అంటే రేడియోలో పిలిచే గుర్తింపు పేరు, వచ్చింది, అదీ ఆడపిల్లకు! వీయూ3తో మొదలయ్యే పేరు అని వీధివీధికీ చెప్పుకుంటున్నాను.

రేడియో లైసెన్సు వెంట ఉంచుకో. హెల్మెటు గురించి చెప్పించుకునే వయసు కాదు నీది. కారుకైతే పైకప్పు రేకు ఏరియల్‌లో సగం పని చేస్తుంది కాబట్టి నువ్వు మాట్లాడే రెండు మీటర్ల బ్యాండుకు (తరంగం పొడవు సుమారు రెండు మీటర్లు) అర మీటరు కడ్డీ చాలు. బండికి అంత రేకు ఎక్కడిది? అర తరంగం ఏరియల్, సుమారు మీటరు పొడవుది, వెనక క్యారియరుకు బిగించు.

ఇక అసలు సంగతి. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు, టెలిఫోను స్తంభాలు కలిసి పడిపోయాయి. ఆ హడావిడిలోనే మీ నాన్న తన బండికి సెట్టు బిగించాడు. ఫ్యూజు పెట్టలేదా అంటే పెట్టాడు, హ్యాండిల్ దగ్గర, సెట్టు పక్కనే. కాలిపోతే మార్చడం సులువట! బ్యాటరీ నుంచి అక్కడిదాకా సీటు కిందుగా వచ్చే తీగకు రక్షణ ఏదీ? గతుకుల్లో స్ప్రింగు రాసుకుని తీగ తొడుగు తెగింది. పాజిటివ్ తీగ బండి ఇనుముకు తగిలింది. బ్యాటరీలో ఉన్న కరెంటంతా అక్కడే పారింది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు, దాని దాకా వస్తే కదా!

వాడు ముమ్మిడివరం వైపు ఏటిగట్టు మీద ఉన్నాడు, నేను అమలాపురంలో సెట్టు ముందు. "బియ్యం బస్తాలు ఇంకా" అన్నాడు. అంతే. పిలిచాను, పిలుస్తూనే ఉన్నాను. గోదావరిలో పడ్డాడనే అనుకున్నాను. సాయంత్రానికి సగం కాలిన బండిని ట్రాక్టరులో వేసుకుని నవ్వుతూ దిగాడు! ఎవరో రైతు తువ్వాలు చేతికి చుట్టుకుని బ్యాటరీ తీగ పీకేశాడట, మంట పెట్రోలు ట్యాంకును అందుకోకముందే. ఆ నవ్వుకు నాకు ఇప్పటికీ కోపమే.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం దాటకూడదు. అది కాపాడేది తన తరవాతి తీగనే. సీటు, ట్యాంకు రాసుకునే చోట తీగకు గొట్టం తొడుగు. అసలు మొదటి వర్షాకాలం బండికి తీగే కలపకు. సొంత బ్యాటరీతో నడిచే అయిదు వాట్ల చేతి సెట్టు పట్టుకెళ్ళు. మన నేల చాప పరిచినట్టుంటుంది, పైగా కొబ్బరితోటలు. రోడ్డు మీద నుంచి దాని మాట ఎంతో దూరం పోదు. ఏటిగట్టు ఎక్కు, బండి ఆపు, అప్పుడు మాట్లాడు. నడుపుతూ మాట్లాడావని తెలిస్తే నీ కాల్‌సైన్‌కు నేను బదులివ్వను.

సఖినేటిపల్లిలో పంటు ఎక్కే ముందు ఒకసారి, నరసాపురంలో దిగాక ఒకసారి పిలువు. బ్యాటరీ తగ్గుతుంటే ఆ సంగతి చెప్పి ఆపు. మాట మధ్యలో మాత్రం ఆగిపోకు తల్లీ.

ఆదివారం బండి తీసుకుని రా, సీటు ఊడదీసి చూడందే నేను నమ్మను. మీ నాన్న వస్తానంటే రమ్మను, కానీ స్క్రూడ్రైవరు వాడి చేతికివ్వకు.

మీ అత్త